నా మీద నేనే రాసుకున్న కాగితం

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను టైపిస్టుగా చేరిన వకీలుగారికి వేరే ఆఫీసంటూ లేదు. ఇంటి ముందుగదిలో రెండు బెంచీలు, ఒక బీరువా, ఒక ఇంగ్లీషు టైపు మిషను, దాని వెనక నేను. లోపలి గదిలో ఆయన. ఒక బెంచీ మీద ప్లాట్ల వాళ్ళు కూర్చునేవాళ్ళు, రెండో దాని మీద దెబ్బల వాళ్ళు. ఆ రోజుల్లో ఎల్.బి.నగర్ దాటితే ఎటు చూసినా జొన్నచేలల్లో సున్నం పూసిన హద్దురాళ్ళే. వారానికో కాలనీ పుట్టేది. కాలనీలకు ఇటుకలు కావాలి, ఇసుక కావాలి, షాబాద్ బండలు కావాలి. వాటిని మోసే లారీలు దారిన పోయేవాళ్ళను గుద్దేవి. అందుకని మా రెండు బెంచీలూ ఎప్పుడూ నిండుగానే ఉండేవి.

వకీలుగారు పొద్దున కోర్టుకు పోతే మధ్యాహ్నం దాటాక వచ్చేవారు. ఆయన వచ్చేదాకా నేనే వకీలును. ఈ సంగతి ఆయనకు తెలియదు. దెబ్బల వాళ్ళ బెంచీ ముందు నిలబడి నేనిచ్చిన ఉపన్యాసాలు ఇప్పుడు తలుచుకుంటే నా చెవులు నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

వాళ్ళందరిదీ ఒకటే తప్పు. బండి గుద్దుతుంది, కింద పడతారు, లేచి దుమ్ము దులుపుకుంటారు, చుట్టూ చేరిన జనంతో "ఏం కాలే" అంటారు. ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటారు. నాలుగోనాడు కాలు బోదకాలై లేస్తారు. అప్పుడు వస్తారు మా దగ్గరికి. ఠాణాలో ఫిర్యాదు ఉండదు, దవాఖాన చీటీ ఉండదు, లారీ నంబరు గుర్తుండదు. ఉన్నదల్లా పదిమంది ముందు అన్న ఆ ఒక్క మాట. ఒకసారి ఒక పాలాయన వచ్చాడు. సైకిలు మీద క్యాన్లతో పోతుంటే ఆటో గుద్దింది. ఒలికిన పాలు ఎన్ని లీటర్లో ఆటోవాడితో అక్కడికక్కడే తేల్చుకుని పోయాడు. పదిరోజులకు మోకాలు మడత పడటం మానేసింది. నాకు ఒళ్ళు మండింది. పాలు కొలుచుకున్నవాడివి మోకాలు చూసుకోలేకపోయావా అని కోప్పడ్డాను. ఆయన తల వంచుకుని, ఆనాడు మోకాలు నొయ్యలేదు సారూ, పోయినవి పాలే కదా అన్నాడు. నేను నవ్వాను. పక్క బెంచీ ప్లాట్ల వాళ్ళు కూడా నవ్వారు.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. నాయిన పోయాక ఊళ్ళో ఉన్న ఎకరంన్నర కౌలుకిచ్చి, నల్లగొండ జిల్లా నుంచి అమ్మా నేనూ వచ్చి ఎల్.బి.నగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అమ్మకు నా పెళ్ళి తప్ప వేరే ఆలోచన లేదు. అప్పటికి మూడు సంబంధాలు వచ్చి పోయాయి. మాకు సొంతిల్లు లేదని ఒకటి, నాది సర్కారు కొలువు కాదని ఒకటి, మూడోది ఎందుకు పోయిందో వాళ్ళకే తెలియదు. నాలుగోది నాగోల్ దిక్కు పాత ఊరి పటేలుది. ఆయన సగం భూమి ప్లాట్లు చేసి అమ్మి, మిగతా సగం ధర ఇంకా పెరుగుతుందని ఊరుకున్నవాడు. ఒక్కతే బిడ్డ, డిగ్రీ చదివింది. ఆదివారం చూపులు.

దానికి ముందు మంగళవారం సాయంత్రం దర్జీ దగ్గర కొత్త పాంటు తీసుకుని, కాగితంలో చుట్టించి, సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని ఇంటికి బయలుదేరాను. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఇటుకల లారీ ఒకటి వెనక్కి వస్తోంది. క్లీనరు రా రా అంటున్నాడు. వాడు రమ్మంటున్నది లారీనే, కానీ నేనూ వెళ్ళాను. లారీ తోక సైకిలుకు తగిలింది. నేను గాల్లోకి లేచి కుడి భుజం మీద, తల ఒక పక్కకు వంగిపోయి, రోడ్డు పక్క ఇసుక కుప్ప అంచున పడ్డాను.

లేచి నేను మొట్టమొదట చేసిన పని పాంటు వెతకడం. పొట్లం ఇసుకలో కూరుకుపోయింది. తీసి, పురికొస విప్పి, మడతలు విప్పి, ముందూ వెనకా చూశాను. ఒక్క మరక లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. చుట్టూ ముప్ఫైమంది చేరారు. వాళ్ళందరి ముందూ పాంటు పైకెత్తి చూపించి, "ఏం కాలే" అన్నాను.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే పడ్డాను. పడ్డానని కూడా అప్పుడు తెలియలేదు. లారీ డ్రైవరు వణుకుతూ దిగాడు. ఏ ఊరని అడిగితే మా నల్లగొండ జిల్లానే. ఇక కోపం ఎక్కడినుంచి వస్తుంది? పక్కన హోటల్లో చాయ్ తాగిస్తానన్నాడు. మా దిక్కు లొల్లి పడ్డవాళ్ళు ఒకరి చేతి చాయ్ ఒకరు తాగితే ఆ లొల్లి ఒడిసినట్టు. ఆ తర్వాత దాని గురించి నోరెత్తితే మనిషికి మాట లేదంటారు. నేను తాగాను. బిస్కెట్ కూడా తిన్నాను.

అంతటితో పోయినా బాగుండేది. అప్పుడు కానిస్టేబులొచ్చాడు. ఆయన్నీ కూర్చోబెట్టి చాయ్ పోయించాం. ఆయన, ఇద్దరూ రాజీ పడ్డట్టు ఒక ముక్క రాసిస్తే తనకు తలనొప్పి ఉండదన్నాడు. డ్రైవరుకు సంతకం తప్ప రాదు. కానిస్టేబులే రాయడం మొదలుపెట్టాడు. నేను భుజం మీదుగా చూస్తున్నాను. వాక్యానికి తలా లేదు తోకా లేదు. ఎవరు ఎవరిని గుద్దారో కూడా తేలడం లేదు. రోజూ దస్తావేజుల మధ్య బతికేవాణ్ణి, ఎట్లా ఓర్చుకుంటాను? ఇటియ్యి అని కాగితం లాక్కున్నాను.

ఎంత బాగా రాశాననుకున్నారు! సదరు ప్రమాదంలో నాకు బయటికి కనిపించునట్టి గాని, లోపల దాగియుండునట్టి గాని ఏ విధమైన గాయములు కలుగలేదనీ, ఇప్పుడు గాని ఇకముందు గాని, నేను గాని నా వారసులు గాని, సదరు డ్రైవరు మీద గాని యజమాని మీద గాని బీమా కంపెనీ మీద గాని ఏ విధమైన నష్టపరిహారము కోరబోమనీ, ఇది నా ఇష్టపూర్వకంగా, తెలివితో, ఎవరి బలవంతమూ లేక రాసిచ్చిన కాగితమనీ రాశాను. పెళ్ళే కానివాణ్ణి, వారసులను కూడా కట్టిపడేశాను. సంచిలో కార్బన్ కాగితాలుంటే మూడు ప్రతులు తీశాను. సాక్షులు లేకుంటే చెల్లదని చెప్పి హోటలు యజమాని చేత, పక్కనున్న పాన్‌డబ్బా ఆయన చేత సంతకాలు పెట్టించాను. కానిస్టేబులు చదివి, మీరు వకీలా సార్ అని అడిగాడు. కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

బుధ, గురువారాలు ఏమీ లేదు. శుక్రవారం పొద్దున మెడ తిరగలేదు. దిండు సరిగ్గా లేక పట్టేసిందనుకున్నాను. ఆఫీసులో మిషను ముందు కూర్చుంటే కుడిచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ నా మాట వినలేదు. తిమ్మిరి. మీట మీద పెడితే ఎక్కడ పెట్టానో తెలియదు. టైపు నేర్చినవాళ్ళకు తెలుస్తుంది, పి అక్షరం ఆ చిటికెన వేలిది, ఎల్, ఓ దాని పక్క వేలివి. ప్లాట్ అనే మాటలో ఉన్న నాలుగు అక్షరాల్లో మూడు ఆ రెండు వేళ్ళే కొట్టాలి. ప్లాట్ల మీద బతికే ఊళ్ళో, ప్లాట్ల వకీలు దగ్గర, ప్లాట్ అని కొట్టలేని టైపిస్టునయ్యాను.

అమ్మకు చెబితే మీర్‌పేట్ దిక్కున్న ఒక పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయింది. విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో ఆయనకు పేరు. నావి విరగలేదని చెప్పేలోపే తల రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటారే, అది ఆనాడు అర్థమైంది. తర్వాత గుడ్డు సొనతో ఏదో పొడి కలిపి మెడచుట్టూ భుజం దాకా పట్టీ వేశాడు. చీటీ ఏమైనా ఇస్తారా అని అడిగాను, అలవాటు కొద్దీ. ఆయనకు కోపం వచ్చింది. నా చెయ్యే చీటీ అన్నాడు.

ఆదివారం పొద్దున అమ్మ ఆ కట్టు విప్పేసింది.

"దెబ్బ తాకిన పిలగానికి పిల్లనెవ్వడిస్తడు కొడుకా? వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యాలంటరు. మనం గీ ఒక్కటే గద ఆడేది."

గుడ్డు వాసన పోవడానికి మూడు చెంబులు ఎక్కువ పోసుకుని, కొత్త పాంటు వేసుకుని, మెడ కదలకుండా బస్సెక్కి నాగోల్ దిక్కు పోయాను. పటేలు నన్ను తనకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన తల వెనక గోడమీద ఒక విత్తనాల దుకాణం వాళ్ళ క్యాలెండరు ఉంది. నా చూపు సరిగ్గా దాని మీద వాలింది, అక్కడే ఉండిపోయింది. కాసేపటికి గాజుల చప్పుడైంది. అమ్మాయి వచ్చి నా కుడి పక్క చాప మీద కూర్చుంది. అందరూ, బాబూ ఒకసారి చూసుకో అన్నారు. చూడాలంటే కుర్చీతో సహా తిరగాలి. నేను క్యాలెండరులో ఉన్న పొద్దుతిరుగుడు పువ్వునే చూస్తూ, చూశానండి అన్నాను. ఎవరో ఆడమనిషి, ఎంత మర్యాదస్తుడో తల కూడా తిప్పడు అంది. అమ్మ ఆ మాట అందుకుని, మావాడు చిన్నప్పటినుంచీ అంతే అంది.

పటేలు నా దస్తూరీ చూడాలని చిరునామా రాయమన్నాడు. బొటనవేలూ దాని పక్క రెండూ బాగానే ఉన్నాయి కాబట్టి రాయగలిగాను. అసలు గండం తర్వాత వచ్చింది. అమ్మాయి చాయ్ తెచ్చి స్టీలు గ్లాసు చాపింది. కుడిచెయ్యి లేపబోతే మెడనుంచి మోచేతి దాకా మంట పాకింది. వేడి గ్లాసు, పట్టులేని వేళ్ళు, కొత్త పాంటు. ఎడమచెయ్యి చాపి తీసుకున్నాను.

ఆడపిల్ల చేతినుంచి, అదీ చూపులలో, ఎడమచేత్తో తీసుకోవడమంటే వాళ్ళ గడప మీద ఉమ్మేసినట్టే. పటేలు మొహం ఎర్రబడిందని నాకు క్యాలెండరు కిందుగా కనిపించింది. మావాడిది పుట్టుకతో ఎడమచేతి వాటం అంది అమ్మ. ఇప్పుడే కదా కుడిచేత్తో రాసిండు అన్నాడు పటేలు. రెండు చేతులూ ఆడతయన్నా, గదే వాని గొప్ప అంది అమ్మ. ఒక్కటే అబద్ధమన్న మనిషి అప్పటికి మూడు ఆడింది. సంబంధం పోయిందని అనుకుంటూ ఇంటికొచ్చాం. వారం తిరక్కుండా, మా పిల్ల ఒప్పుకున్నదని కబురొచ్చింది. ఎందుకు ఒప్పుకుందో మాకు అంతుపట్టలేదు. అమ్మ మాత్రం పాంటు మహిమ అంది.

దాచినది వకీలుగారి దగ్గర దాగలేదు. ఒక నెల గడిచాక ఒక దస్తావేజు నా ముందు పడేసి, ఏమిటయ్యా ఇది, ఊరంతా ప్లాట్లు అమ్ముతుంటే నువ్వు ఒట్టి టీలు అమ్ముతున్నావేం అన్నారు. చూస్తే ప్లాట్ అన్న చోటల్లా చివరి టి ఒక్కటే గట్టిగా పడింది. చెప్పక తప్పలేదు. ఆయన తిట్టి, రిక్షా ఎక్కించి పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు మెడ ఫొటో తీయించి, నరం నొక్కుకుపోయిందన్నాడు. పడ్డప్పుడు ఒంటి వేడికి తెలియదట, లోపల వాపు పెరిగిన కొద్దీ బయటపడుతుందట. మెడకు బరువు కట్టి లాగే వైద్యం నెలల తరబడి చేయాలి, వేళ్ళు తిరిగి వస్తాయో రావో ఇప్పుడే చెప్పలేనన్నాడు. టైపిస్టు వేళ్ళు రాకపోతే టైపిస్టు లేడు. కొలువు లేకపోతే సంబంధం లేదు. ఆ రెండు వేళ్ళ మీద నా బతుకంతా నిలబడి ఉందని ఆ గదిలో తెలిసొచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

కేసు వేద్దాం, వైద్యానికైనా వస్తుంది అన్నారు వకీలుగారు. రాజీ కాగితమేదైనా రాసిచ్చావా అని అడిగారు. నా ప్రతి తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అమ్మో, ఇది రాసినవాడెవడో గట్టివాడయ్యా. ఎక్కడా వేలు పెట్టడానికి సందు ఇవ్వలేదు. ఎవరా ప్లీడరు?"

నేను నేలకేసి చూశాను. మెడ కిందికి మాత్రం బాగానే వంగేది. ఆయనకు అర్థమై, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, దెబ్బ ఉందని తెలియకముందు వదులుకున్నది వదులుకున్నట్టు కాదని వాదిద్దాం, కానీ ఆరునెలల్లోపు కేసు పడాలి, మరిచిపోకు అన్నారు. తన వేలితో తన కన్ను పొడుచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ కార్బను పెట్టి మూడు ప్రతులు.

అమ్మ ఒప్పుకోలేదు. కేసు వేస్తే నా కొడుకు చెయ్యి పనికిరాదని నేనే దండోరా వేసినట్టు కాదా అంది. కోర్టుకేమో అవిటివాణ్ణి కావాలి, పెళ్ళికేమో నిక్షేపంలా ఉండాలి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చివరికి ఒక ఉపాయం తేలింది. వైశాఖంలో పెళ్ళయిపోతుంది, ఆ వెంటనే కేసు వేయవచ్చు, గడువు శ్రావణం మొదట్లోదాకా ఉంది. పెళ్ళయ్యాక పిల్లను వెనక్కి తీసుకుపోరు కదా అంది అమ్మ. నాకు సిగ్గుగానే ఉంది, కానీ సరేనన్నాను.

అప్పుడు మూఢం వచ్చింది. పంతులు పంచాంగం విప్పి, మా ఇద్దరి పేర్లకు కుదిరే రోజొకటి ఉంటే అది మూఢంలో పడిందన్నాడు. ఆ వెనక ఆషాఢం. ఇక శ్రావణంలోనే, అదీ రెండో పక్షంలో. నేను ఆఫీసుకు పోయి క్యాలెండరు మీద లెక్క చూశాను. ముహూర్తం గడువు దాటిన పన్నెండోనాడు. ఆలస్యాన్ని క్షమించమని అడగవచ్చు కదా సార్ అన్నాను. అడగవచ్చు, కానీ కారణం రాయాలి, శుక్రుడు అస్తమించాడని రాయనా అన్నారు వకీలుగారు.

నేను నాన్చుతూనే ఉన్నాను. గడువు ఇంకా ఆరురోజులుందనగా, ఏ సంగతీ తేల్చుకోకపోయినా అర్జీ తయారుగా ఉంచుకుందామని నాది నేనే టైపు చేయడం మొదలుపెట్టాను. పావుగంటకు ఒక పేరా. మధ్యలో రిబ్బన్ అయిపోతే కొనడానికి బస్టాండు దాకా పోయాను. తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని, మిషనులో ఉన్న కాగితం చదువుతోంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరమ్మా నువ్వు, మిషను ముట్టొద్దు, లే అని కసిరాను.

ఆమె లేవలేదు. నావైపు చూసింది. నేను మెడతో పాటు ఒళ్ళంతా తిప్పి ఆమె వైపు నిలబడ్డాను. అట్లా తిరగడం చూసి ఆమె మొహం మారింది.

"పీలన్ని ఎగిరిపోయినయ్. గీడ ఎల్‌లు లేవు. గిది మీ అర్జీయే గద?"

అప్పుడు లోపలి గదిలోంచి పటేలు గొంతు వినిపించింది. పెళ్ళికి ముందే బిడ్డ పేరుమీద ఒక ప్లాటు రాయాలని సంతకాలకు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడట. నేను చేసుకోబోయే పిల్లను నేను మొదటిసారి చూస్తున్నాను, లే అని కసురుతున్నాను.

"నొప్పి యాడ మొదలైతది?" అని అడిగింది.

ఆరునెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. బయటికి కనిపిస్తుందా అని అమ్మ అడిగింది. కాగితం ఉందా అని వకీలుగారు అడిగారు. ఎన్నాళ్ళైందని డాక్టరు అడిగాడు. నేను కూడా, పెళ్ళి ఆగుతుందా అని తప్ప, నన్ను నేను ఇది అడగలేదు. మెడ వెనక ఒక చోట వేలు పెట్టి చూపించాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆడపిల్ల ముందు ఏడ్చానన్న కోపం వేరే.

పటేలు బయటికొచ్చాడు. ఆమె దాచలేదు. నాయినా, ఈయన చేతికి దెబ్బ తాకింది, కేసు వేస్తున్నరు అని సూటిగా చెప్పింది. ఆయన నన్నూ వకీలుగారినీ మార్చి మార్చి చూశాడు.

"లిటిగేషన్ ఉన్న ప్లాటును గా సంగతి చెప్పకుంట అమ్మితే మేమేమంటమో తెల్సా పిలగాడా?" అన్నాడు. ఆఫీసులో ప్లాట్ల బెంచీ అంతా తల ఊపింది. ఇంటికి పోయి మాట్లాడుకుందాం, లెమ్మని బిడ్డతో అన్నాడు.

ఆమె నా కాగితం మిషనులోంచి లాగేసింది. రెండు తెల్ల కాగితాల మధ్య కార్బను పెట్టి, మిషనులోకి ఎక్కించి, మొదటి వరసనుంచి కొట్టడం మొదలుపెట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో టైపు నేర్చుకుని లోయర్ పరీక్ష పాసైందట. వేగం తక్కువ, తప్పుల్లేవు. పీలన్నీ గట్టిగా పడుతున్నాయి. పటేలు కాసేపు నిలబడి, కాళ్ళు లాగాయేమో, పక్కనున్న దెబ్బల వాళ్ళ బెంచీ మీద కూర్చున్నాడు. మూడో పేజీ అయ్యేసరికి ఆయన కోపం సగమైంది. నిజానికి లిటిగేషన్ ఉన్న ప్లాటు కూడా కొంటరు, ముందు చెప్తే కొంటరు అని తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అన్నాడు. గడువుకు నాలుగురోజుల ముందు కేసు పడింది. గడువు దాటిన పన్నెండోనాడు పెళ్ళయింది. మంగళసూత్రం మూడుముళ్ళూ ఎనిమిది వేళ్ళతో వేశాను. చివరి ముడి జారితే ఆమె వెనక్కి చెయ్యి పెట్టి పట్టుకుంది.

విచారణ రావడానికి ఏడాదిన్నర పట్టింది. బీమా కంపెనీ వకీలు నా కాగితం కోర్టులో పైకెత్తి చదివాడు. లోపల దాగియుండునట్టి గాని అన్న చోట ఆగి, ఇంత ముందుచూపు ఉన్నవాడికి దెబ్బ తగిలిందంటే ఎవరు నమ్ముతారండి అన్నాడు. జడ్జిగారు కూడా నవ్వారు. అతని వాదన అంతా ఒక్కచోటే. లారీ తగిలింది మంగళవారం, దవాఖాన చీటీ నెల దాటాక. మధ్యలో ఇంకెక్కడో పడి లారీ మీద పెడుతున్నాడు. ఆ నెలకు మా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. పహిల్వాన్ కోర్టుకు రానన్నాడు. ఇంట్లో నేను చేయలేని పనులు చెప్పడానికని వకీలుగారు నా భార్యను బోనెక్కించారు. ఆమెనుంచి అంతకంటే ఏమీ ఆశించలేదు.

బీమా వకీలు లేచి ఆమెను, ఈ చెయ్యి సంగతి మీకు పెళ్ళికి కొద్దిరోజుల ముందే తెలిసిందట, అంటే అప్పటిదాకా మిమ్మల్నీ మోసం చేశాడన్నమాట, కాదా అని అడిగాడు.

"కాదు సార్. చూపులనాడే తెల్సు. లారీ తాకిన అయిదోనాడు," అంది. "నేను గ్లాసిస్తె ఎడమచెయ్యి చాపిండు. చాపంగ కుడి భుజం ఒణికింది, చెమటలు వట్టినయ్. అందరు చూసింది ఎడమచెయ్యి. నేను కుడిచెయ్యి చూసిన."

వెనక బెంచీలోంచి మా మామ లేచి, అవును సార్, నా ఇంట్ల ఎడమచేత్తో అందుకున్నడు, మర్సిపోతనా అన్నాడు. జవాను కూర్చోబెట్టాడు. బీమా వకీలుకు అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. దెబ్బ ఉందని తెలిసీ, దాచాడని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారమ్మా అని అడిగాడు.

"దాస్తుండంటె మోసం చేస్తుండనుకోలే సార్. నొస్తున్నదని చెప్పుకునెతందుకు ఈయనకు ఎవ్వరు లేరేమో అనుకున్న."

అమ్మ బయట వరండాలో ఉండి ఆ మాట వినలేదు, వినకపోవడమే మంచిదైంది. జడ్జిగారు తీర్పులో నా గట్టి కాగితాన్ని పక్కన పెట్టి, ఆమె మాటను నమ్మారు. వచ్చినదానితో వైద్యం పూర్తయింది. పక్క వేలు వచ్చింది. చిటికెన వేలు ఇప్పటికీ చలికాలంలో నాది కాదన్నట్టే ఉంటుంది.

ఆ రోజు కోర్టునుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. చూపులనాడే తెలిస్తే నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు, ఆరునెలలు ఎంత నరకం పడ్డానో తెలుసా అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నా దిక్కు చూస్తె చెప్పకపోదునా? మీరు క్యాలెండరు చూసుకుంట కూసుంటిరి."